రోహిణి మీద నాన్న సంతకం

మా నాన్న కంటికి డిగ్రీలు తెలుసు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, నాకేం ఫరవాలేదు. ఈ మాట నమ్మనివాళ్ళతో చిన్నప్పుడు నేను జుట్టూ జుట్టూ పట్టుకున్న రోజులున్నాయి. కోపం నాకు ఇప్పటికీ ముక్కు మీదే ఉంటుంది, అది అమ్మ వైపు నుంచి వచ్చింది. ఈ గర్వం మాత్రం నాన్న వల్ల వచ్చింది, ఆయనకి మాత్రం అది లేదు.

భిలాయి ఉక్కు ప్లాంటులో నాన్నది ఫర్నేసు దగ్గర పని. లోపల ఉక్కు కాగుతూ ఉంటే ఫర్నేసు తలుపు కాస్త ఎత్తుతారు. నాన్న జేబులోంచి నీలం అద్దం ముక్క తీసి కంటికి అడ్డం పెట్టుకుని లోపలికి చూసి ఒక అంకె చెబుతాడు. పదిహేనువందల ఎనభై అనో, పదహారువందల పది అనో. తర్వాత వేడి కొలిచే పొడుగాటి కడ్డీ ఉక్కులో ముంచితే దానికి తగిలించిన డబ్బాలో ఒక అంకె పడుతుంది. ఆ అంకెకీ నాన్న చెప్పినదానికీ తేడా పది డిగ్రీలు దాటేది కాదు. ఇవన్నీ నాన్న చెప్పగా తెలిసినవి కావు. పక్క క్వార్టరు బాబాయి కూడా అక్కడే పని చేసేవాడు. సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని చాయ్ తాగుతూ, కొత్తగా వచ్చిన ఇంజినీర్లు నాన్నతో పందెం కట్టి ఎలా ఓడిపోయారో అభినయించి మరీ చెప్పేవాడు. నాన్న పక్కనే కూర్చుని, చెప్పేది ఇంకెవరి గురించో అన్నట్టు పల్లీలు ఒలుచుకుంటూ ఉండేవాడు.

ఆయన చదువు ఐదో తరగతి. శ్రీకాకుళం వైపు నుంచి పద్దెనిమిదేళ్ళకి వచ్చి, కూలీగా చేరి, కొన్నేళ్ళకే ఆ నీలం అద్దం దాకా ఎదిగాడు. హిందీ గలగలా మాట్లాడతాడు గానీ రాయడం రాదు. ఊళ్ళో చదివింది మరిచిపోగా ఆయన రాయగలిగింది అంకెలు, తెలుగులో తన పేరు. అంతే.

ఆ అంకెల దగ్గరే నాకూ ఆయనకీ రోజూ తగువు. హోంవర్కులో తప్పు వస్తే రబ్బరుతో చెరపనిచ్చేవాడు కాదు. ఫర్నేసు దగ్గర ఒక నల్లబోర్డు ఉంటుంది, ఉక్కు కాచిన ప్రతిసారీ దాని మీద అంకెలు రాస్తారు. ఎవరైనా తప్పు అంకె రాస్తే అక్కడ చెరపకూడదు. దాని మీద ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కింద సంతకం పెట్టాలి. తప్పు ఎవరిదో, దిద్దింది ఎవరో అందరికీ కనబడాలి, లేకపోతే తర్వాత షిఫ్టువాడు ఏ అంకె నమ్మాలి? ఇదీ ఆయన వాదన. మా ఇంట్లో కూడా అదే రూలు. దాంతో నా నోటుబుక్కుల నిండా కొట్టివేతలు, పక్కన నా సంతకాలు. శుభ్రతకి నాకు ఏ ఏడూ మార్కులు రాలేదు. స్కూల్లో మేడమ్‌కి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు, చెప్పి చెప్పి నా నోరే నొప్పి పుట్టింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న చలికాలంలో ప్లాంటుకి వేడి కొలిచే కొత్త కడ్డీలు వచ్చాయి. అంతకు ముందు అవి తక్కువ ఉండేవి, పొదుపుగా ముంచేవారు, అందుకే నాన్న కన్ను అవసరం. ఇప్పుడు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ముంచుకోవచ్చు. నాన్నని అడిగే పని లేదు. ఆ సంగతి కూడా బాబాయే వచ్చి చెప్పాడు, ఈసారి అభినయాలు లేకుండా. నాన్న మాత్రం, మంచిదే, కళ్ళు నాలుగు రోజులు ఎక్కువ పనికొస్తాయి అని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆ నీలం అద్దం మాత్రం జేబులోంచి తియ్యలేదు. రోజూ డ్యూటీకి పెట్టుకునే వెళ్ళేవాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళ కన్ను ఒక ఇనప కడ్డీ ముందు పనికిరాకుండా పోయిందా? ఇంకో రెండేళ్ళు పోతే ఆ కన్ను ఉండేదని చెప్పేవాళ్ళు కూడా ఉండరు. ఈ ఊరందరికీ ఒక్కసారైనా నాన్న కన్ను సంగతి చాటాలి అనుకున్నాను. పద్నాలుగేళ్ళ పిల్లకి ఊరంటే ఏమిటి? స్కూలే కదా. సరిగ్గా అప్పుడే సైన్సు ఎగ్జిబిషన్ వచ్చిపడింది.

అందరూ అగ్నిపర్వతాలకీ నీటి పంపులకీ ఎగబడ్డారు. మేడమ్ నా వైపు చూసి, నువ్వు ఆకాశంలో మామూలు కంటికి కనబడే ఒక పెద్ద నక్షత్రం తీసుకో, అది ఎంత పెద్దది, ఎంత వేడి, ఎంత దూరం చెప్పు అంది. నేను రోహిణి అన్నాను. నాకు తెలిసిన నక్షత్రం పేరు అదొక్కటే. ఎండాకాలం వస్తే చాలు అమ్మ రోహిణి కార్తె, రోహిణి కార్తె అని గింజుకునేది. ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ, ఇంకేం, దాని కార్తెకే మనం మాడి చస్తుంటే అదెంత కాలిపోతుంటుందో అంది. సూర్యుడు ఆ చుక్క వైపు ఉండే రోజుల్ని రోహిణి కార్తె అంటారనీ, ఆ ఎండ సూర్యుడిదేననీ, రోహిణికి దాంతో సంబంధం లేదనీ లైబ్రరీలో చూసి వచ్చి చెప్పాను. అమ్మ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మదు.

సెక్టర్ 6 లైబ్రరీలో ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. రోహిణి అడ్డకొలత సూర్యుడికి సుమారు నలభై నాలుగు రెట్లు. వెలుగు వందల రెట్లు. బరువు మాత్రం సూర్యుడి కంటే ఎంతో ఎక్కువ కాదు. లోపలి ఇంధనం తరిగిపోయి, ఆ నక్షత్రం ఉబ్బి అంత అయిందట. ఉబ్బినకొద్దీ పైభాగం చల్లబడి ఎర్రబడిందట. అక్కడి వెలుగు మన దగ్గరికి రావడానికి అరవై అయిదేళ్ళు పడుతుంది. అంటే నేను చూసే వెలుగు బయల్దేరేనాటికి ఇక్కడ ప్లాంటు లేదు, సెక్టర్లు లేవు, నాన్న పుట్టనే లేదు. పైభాగం వేడి దాదాపు మూడువేల ఆరువందల డిగ్రీలు. అన్నీ రాసుకున్నాను.

బరువు పెరగకుండా అంత ఉబ్బడం ఏమిటో నాకు బుర్రకెక్కలేదు. అమ్మ వెంటనే మరమరాలు గుప్పెడు చేతిలో పోసి, బియ్యం గింజ వేగితే ఉబ్బుతుంది, బరువు పెరుగుతుందేటి అంది. దెబ్బకి అర్థమైపోయింది. సైజుకి నాన్న సైకిలు పనికొచ్చింది. సూర్యుడు గోళీకాయ అనుకుంటే రోహిణి సరిగ్గా సైకిలు చక్రమంత. అదే లెక్కలో మన భూమి సూదిమొనతో పొడిచిన చుక్క కంటే చిన్నది. నాన్న సైకిలు ముందు చక్రం విప్పేశాను. దాని మీద నారింజ రంగు కాగితం బిగించి అతికించాను. ఓలమ్మో, మీ నాన్న డ్యూటీకి ఎలా ఎల్తాడే, కాగితం మీద ఎక్కి ఎల్తాడేటి అని అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న రెండు రోజులు బాబాయి సైకిలు వెనకాల కూర్చుని వెళ్తానన్నాడు.

ఆ సాయంత్రమే ఏడింటికి నాన్నని క్వార్టరు ముందున్న మైదానంలోకి లాక్కెళ్ళాను. జనవరి చలి. ప్లాంటు వైపు ఆకాశం ఎప్పటిలాగే ఎర్రగా ఉంది. ఆ వైపు కాకుండా వెనక్కి తిరిగి, వరసగా ఉన్న మూడు చుక్కల్ని పట్టుకుని, ఆ గీత వెంటే పైకి వెళ్ళమన్నాను. దొరికింది. చుట్టూ ఉన్నవి తెల్లగా మెరుస్తుంటే అదొక్కటే నారింజ రంగులో నింపాదిగా వెలుగుతోంది. నాన్న అలవాటు కొద్దీ నీలం అద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. చుక్క మాయమైపోయింది. తనలో తనే నవ్వుకుని అద్దం జేబులో పెట్టి, ఉత్త కళ్ళతో చాలాసేపు చూశాడు.

"పదకొండొందలు," అన్నాడు. "అంతకి మించి నేదు. రోలింగులో సాగదీయడానికి ఎల్లే ఇనుం రంగే ఇది."

నేను తెల్లబోయాను. పుస్తకంలో మూడువేల ఆరువందలని ఉంది అన్నాను. అంత వేడుంటే ఇంత ఎర్రగా ఎందుకుంటుంది, ఎరుపంటే చల్లన, పసుపు దాని కంటే వేడి, తెలుపు అన్నిటికంటే వేడి అన్నాడు. అది నిజమే, పుస్తకం కూడా అదే చెప్పింది. స్కూల్లో సగం మంది ఎరుపంటేనే మహా వేడి అనుకుంటారు, కుళాయి మీద ఎర్ర గుర్తు చూసి. నాన్న మాత్రం పుస్తకం ముట్టుకోకుండానే ఆ వరస చెప్పేశాడు. మరి వరస కరెక్టయినప్పుడు అంకె ఎందుకు తప్పవుతుంది? ఆ పుస్తకం రాసినవాడు ఏ కొలిమిలోనైనా తొంగి చూశాడా? నాన్న పాతికేళ్ళు చూశాడు. ఇంటికొచ్చేసరికి నేను నిశ్చయించేసుకున్నాను.

చార్టు ఎడమ వైపు నాన్న చెప్పిన రంగుల నిచ్చెన వేశాను. కింద ముదురు ఎరుపు ఆరువందలు, ఆ పైన చెర్రీ ఎరుపు ఎనిమిదివందలు, నారింజ, పసుపు, పైన కరిగిన ఉక్కు తెలుపు పదహారువందలు. కుడి వైపు పెద్ద పెద్ద అక్షరాలతో, రోహిణి వేడి 1100 డిగ్రీలు. కింద హిందీలో, చెప్పినవారు మా నాన్నగారు, ఫర్నేసు పని, పాతికేళ్ళ అనుభవం అని రాశాను. నాన్నకి చూపించలేదు. హాల్లో చూసి మురిసిపోవాలని.

అవతల నాన్నకి మాత్రం ఆ అంకె నిద్ర పట్టనివ్వలేదట. ఇది నాకు తర్వాత తెలిసింది. మర్నాడు షిఫ్టులో ఒక చిన్న ఇంజినీరుని పట్టుకుని, మామూలు బల్బులో తీగ ఎంత వేడి ఉంటుంది భయ్యా అని అడిగాడు. రెండున్నర వేలు అన్నాడాయన. ఆ సాయంత్రం ఇంట్లో అరవై వాట్ల బల్బు కింద నిలబడి దానికేసి అదేపనిగా చూశాడు. తర్వాత రుఆబాంధా వైపు రోడ్డు చివరిదాకా నడిచి, ఎక్కడో దూరాన ఒక ఇంటి ముందు వెలుగుతున్న బల్బుని చూసి వచ్చాడు. అమ్మ, ఈయనకేటయిందర్రా అంది. నేను చార్టుకి జిగురు రాసుకుంటూ పట్టించుకోలేదు.

ఎగ్జిబిషన్ రోజు హాలంతా గోల. నా పక్కన అగ్నిపర్వతం ఎర్ర రంగు నురగ కక్కుతోంది. రెండు షిఫ్టులు సైకిలు లేకుండా చేసిన చక్రం నా టేబులు మీద గోడకి ఆనుకుని నిలబడి ఉంది, దాని ముందు గోళీకాయ. వచ్చినవాళ్ళందరికీ నేను గొంతు చించుకుని చెబుతున్నాను. ఒకమ్మాయి పదకొండువందలు తప్పు కదా, మా పుస్తకంలో వేలల్లో ఉందే అంటే, పుస్తకం ఫర్నేసు దగ్గర పని చేసిందా అని నోరు మూయించాను.

రెండు దాటాక నాన్న వచ్చాడు. షిఫ్టు నుంచి నేరుగా, ఖాకీ బట్టల్లో, చొక్కా మీద నిప్పురవ్వలు కాల్చిన చిల్లులతో. జడ్జీలు రెండు టేబుళ్ళ అవతల ఉన్నారు. నాన్న చక్రాన్ని చూసి నవ్వాడు. నిచ్చెన చూసి తలూపాడు. కుడి వైపు అంకె చదివి, కింద రాసినది ఏటని నన్ను అడిగాడు. గర్వంగా చదివి వినిపించాను. ఆయన ముఖం వెలుగుతుందని చూస్తున్నాను.

"పెన్ను ఇవ్వే," అన్నాడు.

ఎందుకన్నాను. ఆ అంకె తప్పు అన్నాడు. దూరం నుంచి చూస్తే రెండున్నర వేల డిగ్రీల బల్బు కూడా ఆ చుక్క రంగులోనే ఉందని, తనకి పదకొండువందల్లా కనబడిందని, తన కన్నుకి తెలిసిన నిచ్చెనకి పై మెట్టు పదహారువందలేనని, ఆ పైన ఏముందో తన కన్నుకి తెలియదని చెప్పాడు. జడ్జీలు వచ్చేస్తున్నారు నాన్నా, ఇప్పుడొద్దు, నీ పేరు పోతుంది అని గుసగుసగా బతిమాలాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అందుకేనే అమ్మా. ఆళ్ళు సూసీ లోపలే నాను కొట్టీయాల."

నా చేతిలోంచి పెన్ను తీసుకుని 1100 మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు. పుస్తకంలో ఎంతుందన్నావ్ అని అడిగాడు. వేళ్ళతో మూడు, ఆరు చూపించాను. పక్కన 3600 అని నిదానంగా, గుండ్రంగా రాశాడు. కింద తెలుగులో సంతకం పెట్టాడు. నాకు తలెత్తాలనిపించలేదు. చెరిపేసినా బాగుండేది, కొత్త కాగితం అంటించినా బాగుండేది. ఇప్పుడు ఆ తప్పు అందరికీ కనబడేలా ఉంది, పైగా ఇంటిపేరుతో సహా.

జడ్జీలు వచ్చారు. ఇద్దరిలో పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, ఈ కొట్టివేత ఏమిటి అన్నాడు. నేను నోరు తెరిచేలోపు నాన్న ముందుకొచ్చి హిందీలో చెప్పాడు. ఆ తప్పు తనదని, పిల్ల తన మాట నమ్మి రాసిందని, పుస్తకం సరైనదే చెప్పిందని. కరిగిన ఉక్కు గురించి అడగండి సాబ్, చెప్తాను, ఇది నేను చూసిన వేడి కాదు అన్నాడు. మరి చెరిపెయ్యకుండా సంతకం ఎందుకు పెట్టావు అని ఆయన అడిగాడు. మా దగ్గర చెరపం అన్నాడు నాన్న. పెద్దాయన నిచ్చెనలో ఒక్కొక్క మెట్టూ వేలు పెట్టి చదివాడు. వెళ్ళబోయే ముందు నాన్నకి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. నాన్న కంగారుపడి తిరిగి పెట్టాడు. అప్పుడు తలెత్తి చూశాను. ఆ హాలు మొత్తం మీద తెలుగులో ఉన్న అక్షరాలు నాన్న సంతకం ఒక్కటే.

ప్రైజు రాలేదు. అగ్నిపర్వతానికి రాకుండా పోయిన ఏడు ఏదైనా ఉంటే చెప్పండి, నేను కూడా తెలుసుకుంటాను.

సాయంత్రం బాబాయి మా సైకిలు మిగతా సగాన్ని ముందు ఎత్తిపట్టి తోసుకుంటూ స్కూలు గేటు దగ్గరికి తెచ్చి ఇచ్చాడు. నాన్న అక్కడే గొంతుక్కూచుని చక్రం బిగించాడు. కాగితం పీకబోతే నేను వద్దన్నాను. నన్ను వెనకాల కూర్చోబెట్టుకుని తొక్కుతుంటే, ముందు చక్రం నారింజ రంగులో గిర్రున తిరుగుతోంది, దారిలో పిల్లలు చూసి కేకలు వేస్తున్నారు. నేను ఇంకా అలక మీదే ఉన్నాను. కొత్త కడ్డీలు వచ్చాక నీ కన్ను సంగతి అందరికీ చెబుదామనుకుంటే నువ్వే తప్పని రాసేశావు అని ఆయన వీపు మీద ఒక్కటి వేశాను. ఆయన తొక్కడం ఆపలేదు.

"పాతికేళ్ళు ఆళ్ళు నా అంకె ఎందుకు నమ్మేరనుకుంటున్నావు? సూడనిది సూసేనని ఒక్కనాడు సెప్పనేదు. అందుకు."

ఆయన వీపుకి చెంప ఆనించాను. చొక్కా ఇంకా ఫర్నేసు వాసన వేస్తోంది.

ఆ చార్టు ఇప్పుడు నా దగ్గరే ఉంది. మడతల దగ్గర చిరిగింది, నిచ్చెనలోని నారింజ రంగు వెలిసి పసుపైపోయింది. ఇన్నేళ్ళలో నేను చాలా పుస్తకాలు చదివాను, చాలామంది చెప్పిన అంకెలు సరిచూసుకున్నాను, నావి కూడా. నాన్న చెప్పిన అంకె మాత్రం ఆ రోజు తర్వాత ఒక్కటి కూడా ఎక్కడా సరిచూడలేదు.